ఎనిమిదో వార్డుకి ఒక సున్నా

రాయలంక పురపాలక సంఘంలో ఎనిమిదో వార్డుకి రోజూ నాలుగంటే నాలుగు నిమిషాలే నీళ్లొస్తున్నాయంటే దానికి ఎండలు కారణం కాదు, ఏరు కారణం కాదు, ఎగువ ఊరివాళ్లు అసలే కారణం కాదు. ఒక సున్నా కారణం. ఉండాల్సిన చోట ఆ సున్నా లేదు, అంతే సంగతి. ఊళ్లో మిగతా ఇరవై రెండు వార్డులకీ బుద్ధిగా నలభై అని టైపు చేసుకుంటూ వచ్చిన మహానుభావుడు ఎనిమిదో వార్డు దగ్గరికొచ్చేసరికి, టీ వచ్చిందో ఫోనొచ్చిందో, నాలుగు కొట్టి సున్నా మరిచిపోయాడు. తర్వాత ఆ కంపెనీవాళ్లు నీటి సరఫరా ప్రోగ్రాం అప్పజెప్పి, కమిషనరు గారితో ఫొటో దిగి, మళ్లీ కనిపించలేదు.

ఈ సంగతి కనిపెట్టింది శేషుకుమారి. పురపాలక సంఘం కంప్యూటరు విభాగంలో ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రోగ్రామరు. కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేకపోయింది, ఎందుకంటే ఆవిడ ఉండేదీ ఆ ఎనిమిదో వార్డులోనే, మగ్గాల వీధిలో. పొద్దున్న అయిదున్నరకి కుళాయి తుస్సుమంటుంది, అయిదూ ముప్పై నాలుక్కి మళ్లీ తుస్సుమంటుంది. ఈ రెండు తుస్సుల మధ్యనే ఆ ఇల్లు వంట చేసుకోవాలి, స్నానాలు చెయ్యాలి, బట్టలుతుక్కోవాలి. పక్కింటి మాణిక్యమ్మ రోజూ ఖాళీ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగేది.

"ఏటే శేషూ, కంప్యూటరు ఆఫీసులో ఉజ్జోగం అంటావు. మన వీధికి గుక్కెడు నీళ్లు ఇప్పించలేవు గానీ, ఆ డబ్బాలో ఏటి సేస్తావే రోజంతా?"

ఆ మాట శేషుకుమారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ రోజే ఆఫీసుకెళ్లి ప్రోగ్రాం తెరిచింది, గంటసేపు వెతికింది, నాలుగు కనిపించింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అనుకుని, ఆ నాలుగు పక్కన సున్నా కొట్టి, మార్పుని పంపించింది. రేపటికల్లా వీధికి నీళ్లొస్తాయని మాణిక్యమ్మకి ఫోను చేసి చెప్పింది కూడా. అదే ఆవిడ చేసిన పొరపాటు.

ఎందుకంటే సరిగ్గా ఆ సోమవారమే పురపాలక సంఘంలో నాణ్యమ్మ అడుగుపెట్టింది.

నాణ్యమ్మ అంటే మనిషి కాదు. పూర్తి పేరు స్వయంచాలిత సంకేత నాణ్యతా పరిరక్షణ వ్యవస్థ. ఆ పేరు ఒక్క ఊపిరిలో పలికేవాడు ఆఫీసులో లేక, అందరూ నాణ్యమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ప్రోగ్రాంలో ఎవరు ఏ మార్పు చేసినా ముందు అది చూస్తుంది. బాగుంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగితే ఆ మార్పు గడప దాటదు. దీన్ని తెప్పించింది కంప్యూటరు విభాగాధిపతి పరబ్రహ్మం గారు. ఆయన అంతకు ముందు పన్నుల విభాగంలో సూపరింటెండెంటు. ఎక్కడో చల్లని ఊళ్లో మూడు రోజులపాటు జరిగిన నాణ్యతా శిక్షణకి వెళ్లొచ్చారు. పోయేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం కళ్లలో ఏదో వెలుగుతో వచ్చారు.

శేషుకుమారి పంపిన సున్నాకి ఎర్రదీపం వెలిగింది. కింద ఇలా రాసుంది: "తమరు తాకిన క్లాసునకు వివరణ లేదు. కావున మార్పు తిరస్కరించబడినది."

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. ప్రోగ్రాం అంటే ఓ పెద్ద ఆఫీసు అనుకోండి. అందులో ఒక్కో పనికి ఒక్కో సెక్షను ఉంటుంది కదా, వాటినే క్లాసులంటారు. ట్యాంకులో నీటి మట్టం చూసేదొకటి, వాల్వు తెరిచేదొకటి, మూసేదొకటి. ఒక్కో క్లాసు పైన, ఇది ఫలానా పని చేస్తుందని మనుషుల భాషలో రెండు ముక్కలు రాస్తారు. అదే వివరణ. యంత్రానికి దాంతో పనిలేదు, రేపు ఆ ప్రోగ్రాం చూడబోయే మనిషికోసం రాసేది. మంచి అలవాటే, కాదనం. శేషుకుమారి కూడా ఎన్నోసార్లు ఆ కంపెనీవాళ్లని, రెండు ముక్కలు రాసి చావొచ్చు కదా అని తిట్టుకున్నదే.

కాబట్టి ఏమీ అనుకోకుండా కూర్చుని రాసింది: "వార్డుల వారీగా నీళ్లు వదిలే క్లాసు ఇది. ఏ వార్డుకి ఎన్ని నిమిషాలో ఇందులో ఉంటుంది." మళ్లీ పంపింది.

మళ్లీ ఎర్రదీపం. "వివరణ నూటయాభై పదములకు తక్కువగా ఉన్నది. నాణ్యత: వందకు పదకొండు. మరియు ఇదే ప్రోగ్రాములోని మిగిలిన రెండు వందల పదకొండు క్లాసులకు వివరణ లేదు. అన్నింటికీ వివరణ వ్రాయబడు వరకు ఏ మార్పునూ అనుమతించుటకు వీలులేదు."

శేషుకుమారి నేరుగా పరబ్రహ్మం గారి గదిలోకి వెళ్లింది.

"సార్, ఒక్క సున్నా సార్. మా వార్డంతా గొంతెండిపోతోంది. ఈ ఒక్కదానికీ ఆ తనిఖీ పక్కన పెట్టించండి."

పరబ్రహ్మం గారు కళ్లజోడు తీసి, జాలిగా చూశారు.

"చూడమ్మా. కోడ్ అనునది శరీరము. వివరణ అనునది ఆత్మ. ఆత్మ లేని శరీరానికి నువ్వు సున్నా తగిలిస్తే ఏమి, తొమ్మిది తగిలిస్తే ఏమి? నేడు ఒక్క సున్నాకి మినహాయింపు ఇస్తే, రేపు ప్రతి అంకె వచ్చి నా బల్ల ముందు నిలబడుతుంది."

"పోనీ, రెండొందల పన్నెండుకీ నేనే రాసేస్తాను సార్. వారం రోజులు ఇవ్వండి."

"తప్పు!" అని చెవులు మూసుకున్నంత పనిచేశారు ఆయన. "కోడ్ మార్చేవారే వివరణ రాయడమా? అభ్యర్థే వచ్చి తన పరీక్ష పేపరు తానే దిద్దుకున్నట్టుంటుంది. నిష్పాక్షికత ఉండవద్దూ? దీనికి సంఘం వేస్తున్నాను."

వేశారు. వివరణ రచనా సంఘం. జనన మరణాల సెక్షను నుంచి ముగ్గురు సీనియరు అసిస్టెంట్లు, వాళ్లలో పెద్ద భానుమూర్తి గారు. ముగ్గురికీ కంప్యూటరంటే దుమ్ము పడకుండా గుడ్డ కప్పే వస్తువని తప్ప మరేం తెలీదు. నిష్పాక్షికతకి అంతకన్నా ఏం కావాలి? అయితే నోట్ ఫైళ్లు రాయడంలో ముప్పయ్యేళ్ల అనుభవం ఉంది. నూటయాభై పదాలంటే వాళ్లకి చిటికెలో పని. "శ్రీయుత" దగ్గర మొదలెడితే విషయానికొచ్చేలోపే అన్ని పదాలు అయిపోతాయి.

వాళ్లు కాగితాల మీద రాసినవి టైపు గదికి మోసుకెళ్లే పని పోలినాయుడిది. ఈయన ఇరవై ఆరేళ్లు ఎనిమిదో వార్డు వాల్వు చేత్తో తిప్పిన మనిషి. ప్రోగ్రాం వచ్చి మోటారు వాల్వులు పెట్టాక ఆయన్ని తీసుకొచ్చి కంప్యూటరు గది బయట స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫైళ్లు మోస్తూ, టీలు అందిస్తూ, ఎవరేం మాట్లాడుకున్నా వింటూ ఉంటాడు.

"అమ్మాయ్," అన్నాడు ఓ రోజు శేషుకుమారితో, చేతిలో కాగితాల కట్ట చూపిస్తూ, "ఈ క్లాసు పేరు సూడు. టెంపు-కొత్తది-చివరిది-రెండు. ఇదేటి సేస్తాది?"

"నాకూ తెలీదు బాబాయ్. ఆ కంపెనీవాళ్లకీ తెలీదేమో."

"ఈ రాసినోళ్లకి తెలిసిపోయింది," అని మొదటి ముక్క చదివి వినిపించాడు పోలినాయుడు. "పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, సదరు క్లాసు తనకు అప్పగింపబడిన విధులను ఎప్పటికప్పుడు జాప్యము లేకుండా నిర్వర్తించుచున్నది. దాని ప్రవర్తనపై నేటి వరకు ఏ విధమైన ఫిర్యాదులు అందియుండలేదు."

నాణ్యమ్మ దానికి తొంభై ఏడు మార్కులిచ్చింది. శేషుకుమారికి ఆత్రం ఆగక ఆ క్లాసు తెరిచి చూసింది. అందులో ఒక్క లైను కూడా లేదు. శుద్ధ ఖాళీ. నవ్వాలో ఏడవాలో తెలియక, పోలినాయుడు తెచ్చిన టీ తాగింది.

మూడు వారాలు పట్టింది. ఈలోగా మే నెల వచ్చి నెత్తిమీద కూర్చుంది. మగ్గాల వీధి ఆడవాళ్లు తొమ్మిదో వార్డు కుళాయిల దగ్గరికి వెళ్లి నిలబడితే అక్కడివాళ్లు తరిమారు. ఓ రోజు బిందెలతో కొట్టుకునేదాకా వెళ్లింది. మాణిక్యమ్మ మోచెయ్యి వాచింది. శేషుకుమారి ఇంట్లో పసుపు వేసి కట్టు కడుతూ, "ఇంకొక్క వారం ఆగత్తా," అంది. అనేటప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాణిక్యమ్మ కట్టు సరిచూసుకుని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ తిట్టకపోవడమే శేషుకుమారికి భరించడం కష్టమైంది.

రెండు వందల పన్నెండు వివరణలూ పూర్తయ్యాయి. కౌన్సిలు సమావేశంలో పెట్టి, బల్లలు చరిచి, ఏకగ్రీవంగా ఆమోదించారు. భానుమూర్తి గారికీ మిగతా ఇద్దరికీ శాలువాలు కప్పారు. సంఘాన్ని రద్దు చేశారు. ఆ మర్నాడు పొద్దున్న శేషుకుమారి దేవుడికి దణ్ణం పెట్టుకుని సున్నాని మళ్లీ పంపింది.

ఎర్రదీపం.

"వివరణకును కోడునకును పొంతన లేదు. వివరణలో: ఎనిమిదవ వార్డునకు నాలుగు నిమిషములు మాత్రమే. కోడులో: నలభై. పొంతన లేని కోడ్ అసత్యమగును. అసత్యమునకు అనుమతి లేదు."

శేషుకుమారి కుర్చీ ముందుకి లాక్కుంది. ఆ క్లాసు వివరణ తెరిచి చదివింది. నిజమే. భానుమూర్తి గారు నిక్కమైన మనిషి. కోడులో నాలుగని ఎవరో చూపిస్తే, చూసింది చూసినట్టు నాలుగనే రాశారు, పైగా తప్పుగా చదువుతారేమోనని "మాత్రమే" కూడా తగిలించారు.

పరుగున వెళ్లి ఆయన్ని పట్టుకుంది. జనన మరణాల సెక్షనులో శాలువా కుర్చీకి వేసుకుని కూర్చున్నారాయన.

"గురువుగారూ, ఆ నాలుగు తప్పండీ. నలభై అని దిద్దండి, మీకు పుణ్యముంటుంది."

"ఎలా దిద్దనమ్మా? సంఘం రద్దయింది. రద్దయిన సంఘం తరఫున కలం పట్టుకుంటే నామీద విచారణ పెడతారు," అన్నారు ఆయన, నిజంగానే బాధపడుతూ. "అయినా మేం లేనిది రాయలేదు కదా. ఉన్నది రాశాం."

పరబ్రహ్మం గారు ఇంకో అడుగు ముందుకేశారు.

"కౌన్సిలు ఆమోదించినది వివరణనమ్మా, కోడును కాదు. ఇప్పుడది శాశ్వత రికార్డు. కోడ్ మారవచ్చు, మారకపోవచ్చు. వివరణ మారదు. ఇంతకు ముందు ఆ నాలుగు పొరపాటు కావచ్చు. ఇప్పుడది విధానము."

అదీ వరస. ఒక టైపిస్టు మతిమరుపు అలా మూడు వారాల్లో చట్టమై కూర్చుంది.

ఆ వచ్చే సోమవారం అర్జీల రోజు. మగ్గాల వీధి వీధంతా ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసుకొచ్చేసింది. ముందు మాణిక్యమ్మ, కట్టు కట్టిన మోచేతితో. కమిషనరు గారు ఊళ్లో లేరు. పరబ్రహ్మం గారే బయటికొచ్చి, కుర్చీ వేయించుకుని, వివరణలన్నీ కలిపి కుట్టించిన గ్రంథం తెరిచి, గొంతు సవరించుకుని, ఎనిమిదో వార్డుకి సంబంధించిన రెండు పేజీలూ ఆసాంతం చదివి వినిపించారు.

"బాబూ," అంది మాణిక్యమ్మ, అంతా విన్నాక, "ఇప్పుడు సదివింది బాగుంది. నీళ్లెప్పుడొత్తాయి?"

"అమ్మా, ఇంతసేపూ నేను చెప్పింది అదే. నాలుగు నిమిషములు వస్తాయి. ఇప్పుడు అది మీ హక్కు. ఒక్క సెకను తగ్గినా మీరు నన్ను నిలదీయవచ్చును."

"ఎక్కువ కావాలంటే?"

"వివరణలో లేదు."

ఆడవాళ్లు బిందెల మీద గరిటెలతో మోత మొదలెట్టారు. ఆ మోతకి పరబ్రహ్మం గారికి మెరుపులాంటి ఆలోచనొకటి తట్టింది. తప్పు నీళ్లది కాదు, ప్రోగ్రాంది అసలే కాదు, నాలుగు నిమిషాల్లో నీళ్లు పట్టుకోవడం ప్రజలకి చేతకావట్లేదు. శిక్షణ లోపం!

గురువారం పొద్దున్న మగ్గాల వీధిలో షామియానా లేచింది. "నాలుగు నిమిషముల నీటి సేకరణ నైపుణ్య శిక్షణా శిబిరము" అని బ్యానరు. పరబ్రహ్మం గారి మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. బిందెలు ఎలా వరసపెట్టాలో, నిండిన బిందెని ఎడంచేత్తో లాగుతూ ఖాళీ బిందెని కుడిచేత్తో ఎలా తోయాలో బొమ్మలు గీసిన కాగితాలు పంచారు. నమూనా గృహిణిగా ఎవరైనా ముందుకు రావాలన్నారు. మాణిక్యమ్మ కొంగు నడుముకి చుట్టి ముందుకొచ్చింది.

అయిదున్నర. విజిలు ఊదారు. కుళాయి తుస్సుమంది. తుస్సుమంటూనే ఉంది. స్టాప్‌వాచీలో ఒక నిమిషం, నిమిషన్నర, రెండు. మాణిక్యమ్మ ఒంగినదల్లా నిటారుగా లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"బాబూ, ముందు రెండు నిమిషాలూ గాలే వత్తాది. ఈ గాలి కూడా ఆ పుస్తకంలో ఉందేటి?"

పరబ్రహ్మం గారు గబగబా పేజీలు తిప్పారు. గాలి ప్రస్తావన ఎక్కడా లేదు. మొహం కంది, గుమాస్తాని పిలిచి, గాలికి అనుబంధ వివరణ తక్షణం జోడించాలని నోటు రాయించడం మొదలెట్టారు. ఆ నోటు పూర్తయ్యేలోగా నీళ్లొచ్చాయి, వెళ్లిపోయాయి. మాణిక్యమ్మ రెండు బిందెలు పట్టింది. మిగతావాళ్లు నోటు వింటూ ఉండిపోవడంతో వాళ్లకి అవీ దక్కలేదు. ప్రతి ఒక్కరికీ శిక్షణ పూర్తిచేసినట్టు సర్టిఫికెట్టు ఇచ్చారు.

శేషుకుమారి షామియానా వెనకాల నిలబడి కళ్లు తుడుచుకుంది. నవ్వొచ్చి కాదు. నిజంగానే ఏడుపొచ్చింది. పక్కన పోలినాయుడు మిగిలిపోయిన మజ్జిగ ప్యాకెట్లు సంచీలో సర్దుతున్నాడు.

"ఏడవకమ్మాయ్. ఒక మాట సెప్తాను, ఇను. మోటారు వాల్వు పెట్టినప్పుడు దాని పక్క గొట్టానికున్న పాత సేతివాల్వు పీకలేదు. గోతిలో అలాగే ఉంది. ఈ పోగ్రాం దానికి తెలీదు. ఆ వాల్వూ ఈ పోగ్రాంకి తెలీదు."

శేషుకుమారి ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"బాబాయ్, అది తప్పు కదూ?"

"ఏమో. ఇరవై ఆరేళ్లు సేసినప్పుడు ఒప్పే అన్నారు."

మర్నాడు మగ్గాల వీధిలో నీళ్లు అయిదున్నరకొచ్చాయి. అయిదూ ముప్పై నాలుక్కి ప్రోగ్రాం మోటారు వాల్వుని పద్ధతిగా మూసేసి, "సరఫరా పూర్తి" అని రాసుకుంది. కుళాయి మాత్రం ఆగలేదు. ఆరూ పదిదాకా ధార. ఆడవాళ్లు బిందెలు నింపారు, గంగాళాలు నింపారు, పిల్లల్ని కుళాయి కిందే కూర్చోబెట్టి రుద్ది పారేశారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని భయం.

అర్జీలు రావడం మానేశాయి. పరబ్రహ్మం గారు ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయ్యారు. "చూశారా!" అన్నారు ప్రతి సమావేశంలోనూ. "నిమిషము పెంచలేదు. చుక్క పెంచలేదు. సరియైన వివరణ, సరియైన శిక్షణ. ప్రజలు అవే నాలుగు నిమిషాల్లో తృప్తిగా నీరు పట్టుకుంటున్నారు." ఆ మాట జిల్లా దాటింది. రాష్ట్రస్థాయి సంకేత నాణ్యతా పురస్కారానికి రాయలంక పేరు వెళ్లింది. పరిశీలనకి కులశేఖర్ గారనే పెద్ద అధికారిని పంపించారు.

కులశేఖర్ గారు మాట తక్కువ, చూపెక్కువ. రెండొందల పన్నెండు వివరణలూ చూసి తలాడించారు. ఖాళీ క్లాసు వివరణ ఆదర్శప్రాయంగా ఉందని డైరీలో రాసుకున్నారు. చివర్లో ట్యాంకు మట్టం లెక్కలు తెప్పించుకుని, వేలు పెట్టి ఆపారు.

"నాలుగు నిమిషాలకి పోవాల్సిన నీరు ఇంత. పోయింది ఇంత. ముప్పై ఆరు నిమిషాల నీరు వివరణకి అందకుండా పోయింది. ఈ వ్యవస్థలో వివరణ లేని భాగము ఏదో ఒకటి పనిచేస్తున్నది. అదేమిటి?"

గదిలో అందరి మొహాలూ పాలిపోయాయి. పరబ్రహ్మం గారు శేషుకుమారివైపు తిరిగారు. "అమ్మా, ఈ ప్రోగ్రాం నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ భాగమేదో గంటలో కనిపెట్టి చెప్పు. దానికి కూడా వివరణ రాయించేస్తే పీడా పోతుంది. అప్పుడు అదీ వివరణకి లోబడి నాలుగు నిమిషాలే పనిచేస్తుంది."

శేషుకుమారి బయటికొచ్చింది. స్టూలు మీద పోలినాయుడు ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుతున్నాడు. లోపలి మాటలన్నీ విన్నాడని మొహమే చెబుతోంది.

"నన్ను రాసేస్తారేటమ్మా?" అన్నాడు మెల్లగా. "వద్దమ్మాయ్. ఈ ఆఫీసులో రాసినదేదీ పనిసెయ్యట్లేదు."

శేషుకుమారి తన సీటులో కూర్చుంది. నిజం చెబితే వీధికి నీళ్లు ఆగిపోతాయి. అబద్ధం చెబుదామంటే ఆవిడకి నోరు రాదు, రాసినా దొరికిపోతుంది. అప్పుడు భానుమూర్తి గారి వివరణలు తెరిచి ఒకటికి నాలుగుసార్లు చదివింది. చదవగా చదవగా ఆ భాష ఎలా నడుస్తుందో ఆవిడకి పట్టుబడింది. కూర్చుని రాసింది:

"పై విషయమునకు సంబంధించి సవినయముగా సమర్పించునదేమనగా, సదరు ముప్పై ఆరు నిమిషముల నీరు ట్యాంకు నుండి నిష్క్రమించిన మాట వాస్తవము. నీరు పల్లమునకు ప్రవహించు స్వభావము కలదగుటచేతను, ఎనిమిదవ వార్డు పల్లమున ఉన్నదగుటచేతను, సదరు నీరును సదరు వార్డును పరస్పరము సమీపించి యుండవచ్చునని భావింపబడుచున్నది. ఇందు ప్రోగ్రాము ప్రమేయము లేదు. ఇతర ప్రమేయము ఏదియు వ్రాతపూర్వకముగా నమోదై యుండలేదు. ఇట్టి ప్రవాహముపై వార్డు ప్రజల నుండి నేటి వరకు ఏ విధమైన ఫిర్యాదులు అందియుండలేదు..." అలా నూట డెబ్భై పదాలు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, కావాలంటే మళ్లీ చదువుకోండి.

నాణ్యమ్మ ముందు పెట్టారు. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది. పచ్చదీపం. వందకి వంద. ఆ ఆఫీసులో వంద రావడం అదే మొదలు. పరబ్రహ్మం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కులశేఖర్ గారు ఆ వివరణని రెండుసార్లు చదివి, కళ్లజోడు పైనుంచి శేషుకుమారిని చూశారు. "అర్థం కాలేదు," అన్నారు. "కానీ పూర్తిగా ఉంది." సంతకం పెట్టారు.

పురస్కారం వచ్చింది. అద్దాల పెట్టెలో ఇత్తడి జ్ఞాపిక. ఆ సభలోనే రాష్ట్రంలోని మిగతా పట్టణాలన్నింటికీ రాయలంక పద్ధతి నేర్పాలని నిర్ణయించారు. పరబ్రహ్మం గారి నాయకత్వంలో భానుమూర్తి గారి సంఘాన్ని మళ్లీ బతికించి, ఊరూరా తిప్పమన్నారు. అన్ని గ్రంథాలు మొయ్యడానికి అనుభవమున్న మనిషి కావాలి కాబట్టి పోలినాయుణ్ణి కూడా ఆ బృందంలో వేశారు. ఏడాదిపాటు.

ఆయన వెళ్లిపోతే గోతిలో వాల్వు తిప్పేదెవరని శేషుకుమారికి బెంగ పట్టుకుంది. సంఘం మళ్లీ బతికింది కదా, ఇప్పుడైనా దిద్దుతారేమోనని ఆఖరి ఆశతో భానుమూర్తి గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన పెట్టె సర్దుకుంటున్నారు.

"ఇప్పుడసలు కుదరదమ్మా," అన్నారాయన. "మా వివరణకి పురస్కారం వచ్చింది. అందులో తప్పుందంటే పురస్కారాన్ని అవమానించినట్టు."

బయల్దేరే రోజు పోలినాయుడు జీపు ఎక్కబోతూ ఆగి, గోనెసంచిలో చుట్టిన పొడవాటి ఇనప కడ్డీ ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. వాల్వు తిప్పే కడ్డీ.

"ఎడమకి తిప్పితే తెరుసుకుంటాది, కుడికి తిప్పితే మూసుకుంటాది. మొదట్లో బిగుసుగా ఉంటాది, నడుం మీద భారం ఎయ్యకు, కాళ్ల మీద ఎయ్యి. ఎక్కడా రాసుకోకు."

మర్నాడు పొద్దున్న అయిదూ ముప్పై అయిదుకి, మగ్గాల వీధి మొదట్లో వాల్వు గోతిలో దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, కంప్యూటరు విభాగం ప్రోగ్రామరు శేషుకుమారి కడ్డీ పట్టుకుని రెండు చేతులా లాగుతోంది. అరిచేతులు ఎర్రగా కందిపోయాయి. పైనుంచి ఎవరో తొంగి చూశారు. మాణిక్యమ్మ.

"ఏటే శేషూ! నువ్వా?" అని నోరెళ్లబెట్టింది. కాసేపటికి విషయం బోధపడి గోతి అంచునే చతికిలబడింది. "ఆ పోగ్రాం బాగు సేస్తానన్నావు. ఇదేనేటే?"

"ఇదే అత్తా."

"ఎన్నాళ్లు తిప్పుతావే ఇలాగ?"

"సున్నాకి పచ్చదీపం వెలిగేదాకా."

"ఎలగకపోతే?"

శేషుకుమారి కడ్డీకి మరో మెలిక వేసింది. కింద గొట్టంలో నీళ్లు కదిలిన చప్పుడైంది. చేతి గడియారం చూసుకుని, మొహాన పట్టిన చెమట భుజానికి రాసుకుంది.

"ఇంకా ముప్పై అయిదు నిమిషాలుంది. ముందెళ్లి బిందె పెట్టుకో అత్తా," అంది.